ఎండెక్కేదాకా

మా ఆయన రాఘవేందర్‌కు తెల్లవారుజాము గాలి మీద ఉన్న నమ్మకం నా మీద కూడా లేదు. సిద్దిపేట దగ్గర పల్లెలో పెరిగిన మనిషి. కృష్ణానగర్‌కు వచ్చి ఆటో నడపబట్టి ఇరవై ఏళ్లు దాటినా, ఇంకా ఆ పల్లె గాలే పీలుస్తున్నానని అనుకుంటాడు.

మా యశస్విని పోలీసు ఉద్యోగానికి మొదటి రాత పరీక్ష గట్టెక్కింది. ఇక పరుగు పరీక్ష. అది తప్పితే మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడో దేవుడికే తెలియాలి. వానాకాలంలో పిల్ల అలుపు లేకుండా పరిగెత్తింది. కార్తీకం దాటి చలి ముదిరేసరికి సగం దూరానికే దగ్గు. ఆయన మొదట నా వంటలో నూనె ఎక్కువన్నాడు, తర్వాత పిల్ల ఫోన్‌ను తిట్టాడు, చివరికి ఆలస్యంగా లేవడమే రోగమని తేల్చాడు.

“లే బిడ్డా, గీ యాళ్ల గాలి మందు లెక్క పనిచేస్తది.”

“దమ్ము ఆడ్తలేదు నాన్నా.”

“ఇంక జర ముందుగాల లేస్తే అన్నీ సర్దుకుంటయ్.”

ముందు లేచినకొద్దీ దగ్గు పెరిగింది. నేను అమీర్‌పేటలో మ్యాచింగ్ సెంటర్‌లో రోజంతా నిలబడి జాకెట్ ముక్కలు కోసి ఇంటికొచ్చేదాన్ని. వీళ్లిద్దరి మధ్య తీర్పు చెప్పే ఓపిక నాకు లేకపోయింది. ఒకరోజు పిల్ల గ్రౌండ్ నుంచి వచ్చి, మా గది దాకా ఎక్కలేక మెట్ల మీదే కూర్చుండిపోయింది. షాపుకు సెలవు చెప్పి పంజాగుట్టలో డాక్టర్ రత్నమాల గారి దగ్గరకు తీసుకుపోయాను. ఆవిడది కాకినాడ.

“ఏంటమ్మా, ఈ చలిలో చీకటితో పరుగులేంటి? మా ఊళ్లో అయితే సముద్రపు గాలి వచ్చి ఊడ్చేస్తుంది. ఇది పీఠభూమి. చలికాలం రాత్రికి నేల చల్లబడి, బరువెక్కిన గాలి పల్లంలో కూర్చుంటుంది. పైన వెచ్చటి గాలి మూత పెట్టినట్టు ఉంటుంది. బండ్ల పొగా చెత్త పొగా ఆ మూత కిందే. ఎండెక్కితే గానీ లేవదు. మధ్యాహ్నం పరిగెత్తమనండి,” అని ఇన్‌హేలర్ రాసిచ్చారు.

పల్లమంటే ఏమిటో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వాన పడితే జూబ్లీహిల్స్ నీళ్లన్నీ మా గల్లీలోకే దిగుతాయి. చలికాలం పొగ వంతన్నమాట. పైనున్నవాళ్ల నుంచి మాకు అందేవి ఇవే.

“రూముల కూసున్నోళ్లకు పొద్దుగాల సంగతేం ఎరుక?” అని ఆయన నాతో మాటలు మానేశాడు. అయినా పిల్ల మధ్యాహ్నం పరిగెత్తుతుంటే గిరాకీ వదిలేసి గ్రౌండ్ బయట ఆటోలో కూర్చునేవాడు. దగ్గు మెల్లగా తగ్గింది.

పరుగు పరీక్ష రోజు మాత్రం పాత బుద్ధి పోనిచ్చుకోలేదు. రేషన్ లైనైనా, దేవుడి లైనైనా అందరికంటే ముందుండాలి ఆయనకు. తెల్లవారకముందే మమ్మల్ని తీసుకొచ్చి పరీక్ష పెట్టే గ్రౌండ్ గేటు ముందు దించాడు. లైన్లో మొదటి మనిషి మా పిల్లే. వచ్చిన వరుసలోనే బ్యాచ్‌లు లోపలికి పంపుతారట. వీధి దీపాల కింద పొగ కదలకుండా ఉంది. గేటు తెరవకముందే యశస్వినికి దగ్గు మొదలైంది.

నాకు ఒళ్లు మండింది. “ఎనుకకు రా బిడ్డా. ఎండొచ్చేదాక అందర్ని పోనియ్యి,” అన్నాను.

“ముందట నిలబడ్డదాన్ని ఎనుకకు గుంజుతవా?” అన్నాడు ఆయన.

పిల్ల మళ్లీ దగ్గింది. వంగి మోకాళ్లు పట్టుకుంది. ఆయన దాన్ని కాసేపు చూశాడు. తర్వాత వెనకున్న అమ్మాయి వైపు తిరిగి, “నువ్వు పో బిడ్డా,” అన్నాడు. ఆ వెనకామెకూ అదే చెప్పాడు. రోడ్డు మీద ఎవరికీ దారివ్వని మనిషి, సూర్యుడు ఎదురు అపార్ట్‌మెంట్ దాటి పైకొచ్చేదాకా వచ్చినవాళ్లందరికీ దారిస్తూ నిలబడ్డాడు. ఆయన మీద అంత ప్రేమ నాకు పెళ్లినాడు కూడా కలగలేదు.

యశస్విని ఆఖరి బ్యాచ్‌లో పరిగెత్తింది. బయటికొచ్చి, “అయింది నాన్నా, పాసైన,” అంది. ఆయన ఆటో చాటుకు పోయి ముఖం కడుక్కున్నాడు.

ఆఖరి పరీక్షా అయింది, ఉద్యోగమొచ్చింది, శిక్షణ కూడా ముగిసింది. రెండేళ్లకు, మళ్లీ చలికాలం వచ్చేనాటికి ట్రాఫిక్‌లో వేశారు. పంజాగుట్ట చౌరస్తా, పొద్దుటి డ్యూటీ. ఆయనే రోజూ ఆటోలో దింపి, మాస్కు సరిగ్గా ఉందో లేదో చూసి వస్తాడు. తెల్లవారుజాము గాలి ఊసు ఇప్పుడు ఎత్తడు.

నేను షాపుకు పోయే బస్సు ఆ సిగ్నల్ దగ్గరే ఆగుతుంది. అప్పటికీ పొగ పూర్తిగా లేవదు. కిటికీలోంచి ఆ పొగలో పిల్లను వెతుక్కుంటాను. ఇక్కడ వెనక్కి జరిగి, ఇంకొకరిని ముందుకు పంపే వీలు లేదు. మా బిడ్డ చేయెత్తితే బండ్లన్నీ ఆగుతాయి. ఆగిన బండ్లలో ఒక్కటీ ఇంజన్ ఆపదు, మా బస్సుతో సహా.