జవాబు చెప్పకండి మాస్టారూ

పొద్దున్నే బయల్దేరే హడావుడిలో ఎందుకమ్మ చేతిలోంచి ఏదో ఒకటి జారేది. జారింది మాత్రం కింద పడేది కాదు. ఆమె మనసులో ప్రశ్న మెదులుతున్నంతసేపూ దువ్వెనైనా, నీళ్ళగ్లాసైనా గాల్లోనే ఉండిపోయేది. వాళ్ళమ్మ దాని కింద గిన్నె పట్టుకుని, “నీ ఆలోచన త్వరగా తెముల్చు, నాకవతల పనుంది” అనేది. జవాబు తట్టగానే గ్లాసు గిన్నెలో పడేది. చిన్నప్పుడు ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని ప్రాణం తీస్తుంటే ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు ఎందుకమ్మ. యూనివర్సిటీకొచ్చినా ఆ పేరు వదల్లేదు.

అక్కడ ఆమె ఫిలాసఫీ తీసుకుంది. దాంతోపాటు సైన్సు సబ్జెక్టు ఒకటి చదవాలంటే ఫిజిక్సులో చేరింది. ఫిలాసఫీ క్లాసులో ఏ ఇబ్బందీ లేదు. మేడం జుట్టు నెరిసిన మనిషి, ఒంటరిగా ఉండేవారు, దేనికీ తొందరపడేవారు కాదు. ఎందుకమ్మ పెన్ను జారితే గంట కొట్టేదాకా అది గాల్లోనే ఉండేది. పిల్లలు తల వంచి దాటుకుపోయేవాళ్ళు.

చిక్కంతా ఫిజిక్సు ల్యాబులోనే. ఇనపగుండు వదిలి, అది పడే టైము కొలవాలి. గుండు పడితేగా కొలిచేది! ఆమెకి జతగా పడ్డ కుర్రాడు స్టాప్‌వాచీ పట్టుకుని నీరసపడిపోయేవాడు. టైమెంత వచ్చిందని మాస్టారు అడిగితే, ఇంకా వస్తూనే ఉంది సార్ అనేవాడు.

ఫిజిక్సు మాస్టారు కూడా ఒంటరి మనిషే. ఎవరేమడిగినా జవాబు చెప్పకుండా ఉండలేని జబ్బు ఆయనది. ఎందుకమ్మంటే అభిమానమే కానీ, ల్యాబు లెక్కలు రాకపోతే పరీక్షకి పంపలేనని కచ్చితంగా చెప్పేశారు.

ఒకరోజు పిల్లల్ని ఆవరణలో నిలబెట్టి, పెద్ద గుండు, చిన్న గుండు ఒకేసారి వదిలి చూపిద్దామని ఆయన రెండో అంతస్తు వరండా ఎక్కారు. అందరూ సిద్ధమేనా అని వంగి చూశారు. గుండ్లతోపాటు ఆయనా జారారు.

ఎలా జారారు అనుకుంది ఎందుకమ్మ. గుండ్లు పోయి కింద పడ్డాయి, మాస్టారు గాల్లో ఆగారు. అలవాటు కొద్దీ, నేల తడిగా ఉందమ్మా, పట్టు దొరకలేదు అని ఆయనే చెప్పేశారు. చెప్పగానే సర్రున సగం దూరం కిందికొచ్చారు. పెద్ద గుండే ముందు పడాలి కదా, ఎందుకు పడదు అనడిగింది. ఆయన ఆగి, మళ్ళీ నోరు తెరవబోయారు. కింద పరిచింది బండరాయి. నిచ్చెన కోసం పరిగెత్తినవాళ్ళు ఇంకా రాలేదు. ఈ గోలకి ఎదురు డిపార్ట్‌మెంటులోంచి ఫిలాసఫీ మేడం బయటికొచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయారు.

ఆవిణ్ణి చూడగానే ఎందుకమ్మకి ఒకటి తట్టింది.

“మాస్టారూ, మీ డిపార్ట్‌మెంటులో టీ ఉండగా, రోజూ ఆవరణ దాటి మా ఫిలాసఫీ వాళ్ళ దగ్గరికెందుకొస్తారు?”

మాస్టారు నోరు తెరిచి, మూశారు. చెవులదాకా ఎర్రబడ్డారు. టై గాలికి ఊగుతోంది కానీ మనిషి వెంట్రుకవాసి కూడా దిగలేదు.

“ఇప్పుడే చెప్పకండి,” అన్నారు మేడం మెల్లిగా. “నిచ్చెన రానివ్వండి.”

నిచ్చెన వచ్చింది. మాస్టారు ఒక్కో మెట్టూ దిగి, కళ్ళజోడు సర్దుకుని, తిన్నగా మేడం ముందుకెళ్ళి నిలబడ్డారు.

“నిజానికి మీ దగ్గర టీ అస్సలు బాగుండదండీ.”

“అది పెట్టేది నేనే.”

“తెలుసండీ.”

మేడం పక్కకి జరిగి దారిచ్చి, లోపలికి రమ్మన్నారు. ఆ పూట రెండు క్లాసులూ జరగలేదు.

ఎందుకమ్మని పరీక్షకి పంపారు. అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. వేసవి సెలవులు రాకముందే మాస్టారు, మేడం ఒకే ఇంట్లోకి మారారు. టీ మాత్రం మాస్టారే పెట్టేవారు.