సగం దోనె

"కుడిచేతికి మాత్రం వద్దమ్మాయ్, పోపు ఎవరు పెడతారు?" అన్నారు మా అత్తయ్యగారు, నా పెళ్ళయిన రెండో ఆషాఢంలో. గట్టిగా కూడా అనలేదు. మా వైపు మనుషులు పీక మీద కాలు వేసినా అండీ అనే వేస్తారు. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండా, ఎంతో ముద్దుగా అన్నారు. నేను గోరింటాకు గిన్నె పట్టుకుని నిలబడి, నిజమే కదా, పోపు ఎవరు పెడతారు అని ఆవిడ కంటే ఎక్కువగా ఆలోచించాను. నా తెలివికి నాకే దణ్ణం పెట్టాలనిపిస్తుంది ఇప్పుడు. ఆ పూట ఆ ఇంట్లో నాది కాక ఇంకా చాలా కుడిచేతులున్నాయి. ఒక్కటీ నా కళ్ళకి ఆనలేదు.

మొదటి ఆషాఢం అలా కాదు. అత్తాకోడళ్ళు ఒక గడప దాటకూడదని కొత్తకోడల్ని పుట్టింటికి పంపేస్తారు కాబట్టి తాడేపల్లిగూడెంలో అమ్మ దగ్గర ఉన్నాను. అమ్మ రోట్లో ఆకు వేసి, కాస్త చింతపండు వేసి, వెన్నలా రుబ్బి, రెండు చేతులకీ రెండు కాళ్ళకీ పెట్టేది. తర్వాత పప్పన్నంలో నెయ్యి కలిపి ముద్దలు చేసి నోట్లో పెట్టేది. వీధి అరుగు మీద నుంచి నాన్న "ఉషా, మంచినీళ్ళు" అని కేకేస్తే, లోపలి నుంచే "దాని చేతులింకా ఆరలేదండీ, మీరే ముంచుకోండి" అనేది. అప్పటికి ఆరిపోయి, పగుళ్ళిచ్చి, చాప మీద రాలుతూనే ఉండేది. అమ్మ నా వైపు చూసి కన్ను గీటేది. అమ్మ జన్మలో ఆడిన అబద్ధం అదొక్కటే అనుకుంటాను. తన చేతులు ఆరలేదని మాత్రం ఒక్కసారి కూడా చెప్పుకోలేదు. అసలు తన చేతులకి ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో నాకు గుర్తు లేదు. గుర్తు చేసుకుందామనుకునేసరికి అమ్మ లేదు.

రెండో ఆషాఢం నుంచి నాకు ఎడమచెయ్యే. "ఒక చేతికి పెట్టుకున్నావుగా, ఇంకేం కావాలి? ఎవరు చూడొచ్చారు?" అంటారు మావారు వెంకట్రాజుగారు, టీవీలోంచి కళ్ళు తియ్యకుండా. ఎర్రగా పండితే మొగుడికి అంత ప్రేమ అంటారుగా, మా ఆయన ప్రేమ ఎంతో ఆ ఎడమచేత్తోనే చూసుకోవాల్సి వచ్చింది. అయినా గోరింటాకులో ఒక మెలిక ఉంది. ఎడమచేతికి ఎవరికి వాళ్ళు పెట్టుకోవచ్చు. కుడిచేతికి పెట్టాలంటే ఇంకో మనిషి కావాలి. ఆ మనిషి మన చెయ్యి పట్టుకుని, ఒళ్ళో పెట్టుకుని, కదలకు అంటూ కసరాలి. మా ఇంట్లో నా కుడిచెయ్యి అందరికీ కావాలి గానీ, దాన్ని ఒళ్ళో పెట్టుకునేవాళ్ళు లేరు.

నేను వట్లూరులో ఒక కాలేజీ ఆఫీసులో క్లర్కుని. అక్కడా కుడిచెయ్యే. హాజరు మిషను మీద బొటనవేలు పెడితే ఎర్రలైటు వెలిగేది, నన్ను గుర్తుపట్టేది కాదు. "గిన్నెలు తోమీ తోమీ గీతలన్నీ అరిగిపోయాయి మేడమ్, ఇంట్లో దానికో మిషను కొనమనండి వెంకట్రాజుగారిని" అని సూపరింటెండెంటు నలుగురిలో అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నాకు నవ్వడం బాగానే వచ్చు. వెనక వరసలోంచి నవ్వని గొంతు ఒకటి, "ఆవిడ బొటనవేలు అరిగిందండీ, మీ మర్యాద కూడా అరిగిందా?" అంది. కెమిస్ట్రీ ల్యాబు అసిస్టెంటు పెర్సిస్. అదీ మా పరిచయం.

పెర్సిస్‌ది కొల్లేటి గట్టు మీద ఊరు. వాళ్ళ నాన్న దోనె మీద చేపలు పట్టేవాడట. శనివారం ఒంటిపూట అయ్యాక లైబ్రరీ వెనక గదిలో మేం ముగ్గురం చేరేవాళ్ళం: నేను, పెర్సిస్, లైబ్రేరియన్ బిందు. పెర్సిస్ పెరట్లో ఆకు ఎండబెట్టి, పొడి చేసి, పాత నూలుచీరలో జల్లించి, టీ డికాషన్‌లో నిమ్మరసం పిండి నానబెట్టి తెచ్చేది. పాలప్యాకెట్టు కవరు కత్తిరించి కోన్ చుట్టేది. బజారు కోన్లంటే దానికి మంట. "అది గోరింటాకు కాదే, ముగ్గురు కెమిస్టుల కుట్ర" అనేది. మామిడిపిందెలూ నెమళ్ళూ అడిగితే వేసేది కాదు. గూడబాతులు వేసేది. గుర్రపుడెక్క పూలు వేసేది. వలలో ఇరుక్కున్న చేపపిల్ల కన్ను వేసేది. బిందు మణికట్టు మీద ఒకసారి బాతు ఒకటి మరీ బుర్రముక్కుతో వచ్చింది. "ఇది మా అత్తగారే" అని బిందు ఒకటే నవ్వు. ఆ గదిలో మేం మా ఇళ్ళని ఎన్ని మాటలు అన్నామో. బయటికొచ్చి చెప్పులేసుకునేసరికి మళ్ళీ బుద్ధిమంతులం.

పెర్సిస్ చేతులు మాత్రం ఎప్పుడూ ఖాళీ. వాళ్ళాయన యోబు తల్లికి అది నచ్చదు. "విశ్వాసులకి ఆ సింగారాలెందుకమ్మా?" అంటుందట. "ఊళ్ళో ఆడాళ్ళందరికీ సింగారం నా చేతుల మీదుగా అవుతోంది, దేవుడు నన్నేం చేస్తాడో" అని నవ్వేది.

నా చేతికి మొదటిసారి పెట్టినప్పుడు, ఎడమ అరచేతి అంచున, చిటికెనవేలి కింద, సగం దోనె వేసింది. ముక్కు ఉంది, తెడ్డు ఉంది, వెనక భాగం లేదు. ఇదేంటే అన్నాను. "రెండో సగం కుడిచేతికి. దోసిలి పడితే దోనె పూర్తవుతుంది. ఆ చెయ్యి ఎప్పుడు ఖాళీ చేస్తావో చెప్పు" అంది. ప్రతి ఆషాఢం అదే సగం దోనె. ప్రతిసారీ ఏదో ఒకటి. మావగారి కంటి ఆపరేషన్, మరిది పెళ్ళిచూపులు, మావారి మేనత్తలు. కుడిచెయ్యి వెనక్కి లాక్కుని "వచ్చే ఏడు" అనేదాన్ని. అది కోన్ మూసేసి "సరేలే, నీళ్ళెక్కడికి పోతాయి" అనేది.

నిరుడు చలికాలంలో పెర్సిస్‌కి కాన్సర్ అని తెలిసింది. బెజవాడలో మందులు ఎక్కించారు. కొన్నాళ్ళు కాలేజీకి వచ్చింది, తలకి గుడ్డ కట్టుకుని. తర్వాత రాలేదు. ఈ ఎండాకాలం, ఇంక మందులు వద్దు, ఇంటి దగ్గర బాగా చూసుకోండి అని డాక్టర్లు చెప్పేశారు. యోబు దాన్ని తీసుకెళ్ళి పుట్టింట్లో దింపి వచ్చాడు. "అక్కడైతే నీకు విశ్రాంతిగా ఉంటుంది" అన్నాడట. ఫోన్లో నాతో చెప్పి నవ్వింది. "వండి పెట్టినన్నాళ్ళూ ఈ ఇల్లు నీదే అన్నారే ఉషా. మంచం పట్టాక పుట్టిల్లు గుర్తొచ్చింది వాళ్ళకి." ఆ నవ్వుతోనే, "ఈ ఆషాఢం కుడిచెయ్యి తెస్తావా?" అంది. వచ్చే ఏడు అనే మాట నా నోట్లోకి దానంతటదే వచ్చింది. మింగేశాను. "ఆదివారం వస్తున్నాను" అన్నాను.

ఆదివారం చింతలపూడి నుంచి అత్తయ్యగారి అన్నయ్యావాళ్ళు భోజనానికి వస్తున్నారని నాకు శనివారం సాయంత్రం తెలిసింది. మా ఇంట్లో చుట్టాలొచ్చే సంగతి అందరి కంటే ఆఖరున వండేదానికి చెబుతారు. "వచ్చే ఆదివారం వెళ్ళు, ఆవిడెక్కడికి పోతుంది?" అన్నారు మావారు. అని, ఏమన్నారో తెలిసి, చానల్ మార్చారు. నేను పెద్ద వీరవనితనేం కాదు. తెల్లవారకుండా లేచి పులిహోర, పప్పు, గుత్తివంకాయ, చారు అన్నీ చేసి, వరసగా మూతలు పెట్టి, చీర మార్చుకున్నాను. "వడ్డించేవాళ్ళు లేకుండా ఎలా అమ్మాయ్?" అన్నారు అత్తయ్యగారు. "గరిటెలు వాటిల్లోనే ఉన్నాయండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

బిందూ నేనూ బస్సు దిగి, గట్టు మీద ఆటోలో వెళ్ళాం. రెండు వైపులా చేపల చెరువులే. పెర్సిస్ వసారాలో మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. మనిషి సగమైపోయింది. గోళ్ళూ అరచేతులూ మందులకి నల్లబడిపోయాయి. నేను ఏడుస్తానని దానికి తెలుసు, అందుకని చేతులు చాపి చూపించింది. "చూశావా, నాకు మా డాక్టరుగారే పెట్టేశారు గోరింటాకు. మా అత్తగారు కూడా ఏం అనలేకపోయింది." వాళ్ళమ్మ హన్నమ్మగారు కోన్లు చుట్టి సిద్ధంగా ఉంచారు, కూతురు చెప్పినట్టే.

"ముందు నీకు" అన్నాను. నాకు వచ్చింది చందమామ ఒక్కటే. దాని ఎడమ అరచేతి మధ్యలో గుండ్రంగా పెట్టాను. "నలుపు మీద ఎరుపు కనబడదే" అంది. తీసెయ్యనా అన్నాను. "ఉంచవే. అరచెయ్యి ఒకటే మంట. చల్లగా ఉంది" అని కళ్ళు మూసుకుంది. ఇన్నేళ్ళూ ఒక్క వేలికైనా పెట్టలేదే దీనికి అనుకున్నాను.

తర్వాత నా ఎడమచేతికి గబగబా వేసింది, కళ్ళు మూసుకుని వేసేంత అలవాటు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకునేసరికి వణుకు మొదలైంది. గీత వంకర పోయింది. ఆగింది, ఊపిరి పీల్చుకుంది, మళ్ళీ పట్టుకుంది. "కదలకే" అని నన్ను కసిరింది. కదులుతున్నది నేను కాదు. సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. రెండు చేతులకీ తడి గోరింటాకు. బిందు తీసి నా చెవి దగ్గర పెట్టింది.

"ఉషా, పెరుగెక్కడుంది?"

"ఫ్రిజ్‌లోనండీ."

"ఫ్రిజ్‌లో ఎక్కడ? నువ్వొక్కసారి త్వరగా..."

పెర్సిస్ ఫోన్ వైపు మెడ సాచింది. గొంతు లేదు, ఉన్నదంతా కూడదీసుకుంది. "అన్నయ్యగారూ, దాని చేతులింకా ఆరలేదండీ. మీరే వెతుక్కోండి."

మా అమ్మ సంగతి దానికి ఎప్పుడూ చెప్పలేదు. నాకు ఏడుపు ఆగలేదు. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు కూడా లేవు. హన్నమ్మగారు తన చీరకొంగుతో నా మొహం తుడిచి, లోపలికెళ్ళి చేపలపులుసు అన్నం కలుపుకొచ్చి, ముల్లు తీసి తీసి, ముగ్గురికీ ముద్దలు పెట్టారు. పెర్సిస్ రెండు ముద్దలు తింది. మేం బయలుదేరేటప్పుడు పెర్సిస్, "దోసిలి పట్టు" అంది. పట్టాను. ఎడమ సగం నున్నగా, కుడి సగం వంకరటింకరగా, దోనె పూర్తయింది. "నీళ్ళు కారిపోయేలా ఉంది కానీ, తేలుతుందిలే" అంది.

ఇంటికొచ్చేసరికి బల్ల మీద ఎంగిలి కంచాలు ఎండిపోయి నాకోసం ఎదురుచూస్తున్నాయి. తోమాను. రబ్బరు చేతితొడుగులు కొనుక్కుని వచ్చి మరీ తోమాను. అవి చూసి అత్తయ్యగారు "సోకు" అన్నారు. తర్వాతి వారంలో ప్రతిరోజూ దోసిలి పట్టి చూసుకున్నాను. వంకర గీతలే ఎక్కువ ఎర్రగా పండాయి, చెయ్యి వణికి కోన్ ఎక్కువసేపు ఆగిన చోటల్లా.

శుక్రవారం పొద్దున్న హన్నమ్మగారు ఫోన్ చేశారు. ఏడ్చారు, అంతే.

బిందూ నేనూ వెళ్ళాం. పెట్టెలో పెర్సిస్ చేతులు గుండెల మీద బోర్లించి ఉన్నాయి. నేను పెట్టిన చందమామ కనబడలేదు. యోబు అందరికంటే ముందు వరసలో నిలబడి ఏడుస్తున్నాడు, నిజంగానే ఏడుస్తున్నాడు, అదే నాకు భరించరానిదిగా ఉంది. పాట అయ్యాక మట్టి వెయ్యడానికి వరసలో వెళ్ళాం. వెనకనుంచి ఎవరో ఆవిడ, "చావుకొచ్చిన మనిషి, ఆ ఎర్రచేతులేంటమ్మా" అంది. హన్నమ్మగారు తిరిగి చూశారు. "మా పిల్లే పెట్టిందమ్మా. అదే ఆఖరుది" అన్నారు. నేను వంగి దోసిట్లోకి మట్టి తీసుకున్నాను. దోనె నిండా మట్టి. వదలాలంటే చేతులు విడదియ్యాలి. విడదియ్యలేక చాలాసేపు అలాగే నిలబడ్డాను. బిందు నా మోచేతులు పట్టుకుంటే అప్పుడు విడదీశాను.

ఇంటికొచ్చేసరికి అత్తయ్యగారు గుమ్మం దగ్గరే ఆపారు. "పెరటి వైపు నుంచి రా అమ్మాయ్. తలకి పోసుకో. ఆ చేతులు సున్నిపిండి పెట్టి బాగా రుద్దు, చావింట్లో మట్టి ముట్టుకున్నావు. ఎరుపు పోతే పోనీ, పోయిన మనిషి పెట్టింది ఒంటి మీద ఉంచుకోకూడదు" అన్నారు. ఈ మాట కూడా మెత్తగానే అన్నారు. తలకి పోసుకున్నాను. చేతుల మీద మట్టి నీళ్ళతో పోయింది. రుద్దలేదు.

తడిజుట్టుతో వచ్చి హాల్లో కుర్చీలో కూర్చున్నాను. ఆ కుర్చీ మావారిది, కూర్చున్నాక గుర్తొచ్చింది. లేవలేదు. వంటింట్లో సింకు నిండా పొద్దుటి గిన్నెలు. దోసిలి పట్టి ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఉషా, పాపం బాగా అలసిపోయినట్టున్నావు" అన్నారు మావారు, నిజంగా జాలిగానే. "కాస్త టీ పెట్టు, నువ్వూ తాగుదువుగాని."

ఆయన వైపు చూశాను. ఎవరూ కన్ను గీటలేదు. లోపలి గదిలోంచి నా తరఫున మాట్లాడేవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు.

"నా చేతులింకా ఆరలేదండీ" అన్నాను. "మీరే పెట్టుకోండి."