పసుపు పట్టీ విప్పని ఉదయం

"ఒక రోగి ప్రాణం మీదికి తెచ్చావు. నీ శిక్షణ ఇంతటితో సరి. రేపటి విచారణ పేరుకే," అన్నది వార్డు అధిపతి సిస్టర్ హాల్‌స్టెడ్. ఆ మాట అన్నది గదిలో కాదు. నడవలో, టీ బండి పక్కన, రోగులందరూ వినేటట్టుగా. ఫర్జానా తల వంచుకుని నిలబడింది. మలపాత్రలు కడిగే గది గుమ్మం నుంచి డోరీన్ ఎంట్విసిల్ అంతా చూసింది.

డోరీన్‌కు యాభై దాటాయి. మూతబడిన మిల్లుల ఆ ఊరిలో, ఆ ఆసుపత్రిలోనే ఏళ్ల తరబడి నేలలు తుడిచి, రోగులకు స్నానాలు చేయించి, చివరకు నర్సింగ్ అసోసియేట్ శిక్షణలో చేరింది. సహాయకురాలికి పైన, నర్సుకు కింద ఉండే కొలువు అది. ఫర్జానా ఆమెతోపాటు చేరిన పిల్ల.

శిక్షణార్థులకు వారంలో కొన్ని నేర్చుకునే రోజులు ఉండేవి. ఆ రోజుల్లో వారు చేతికి పసుపు పట్టీ కట్టుకునేవారు. పట్టీ ఉన్న మనిషి నర్సు పక్కన నిలబడి నేర్చుకోవలసినదే గాని, ఆమెను పనివారి లెక్కలో చేర్చరాదు. అయితే నర్సులు చాలనప్పుడల్లా హాల్‌స్టెడ్ చిరునవ్వుతో వచ్చి, "ఈ ఒక్క పూటకి పట్టీ తీసెయ్ తల్లీ," అనేది. అందరూ తీసేవారు. ఫర్జానా కూడా తీసి జేబులో పెట్టుకుని, కిటికీ వైపు మంచాలన్నిటినీ ఒంటరిగా చూసుకున్నది. ఆగ్డెన్ అనే వృద్ధుడు మగతగా ఉంటే నిద్రపోతున్నాడనుకున్నది. అది నిద్ర కాదని గుర్తించడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆయన ఇప్పుడు తీవ్ర చికిత్సా విభాగంలో ఉన్నాడు. అనుమతి లేకుండా ఒంటరిగా రోగులను చూసిందన్నది ఫర్జానా మీది అభియోగం.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో శిక్షణార్థులు ఒక బల్ల చుట్టూ చేరారు.

"మనం నోరెత్తితే మన సీట్లూ ఊడతాయి," అన్నది కెరీ. "నాకిద్దరు పిల్లలు. మళ్లీ సూపర్‌మార్కెట్‌లో కౌంటర్ దగ్గర కూర్చోమంటావా?"

"వద్దులే. ఇంకో ముసలాయనకి ప్రాణం మీదికొచ్చేదాకా ఆగి, టీ బండి పక్కన నువ్వు నిలబడు," అన్నది డోరీన్.

పక్క బల్ల దగ్గర వాళ్ల వార్డు సీనియర్ నర్సు గారెత్ నవ్వాడు. "మీరొచ్చాకే మా పోస్టులు ఎగిరిపోయాయి. చవక నర్సులు."

కెరీ కుర్చీ తన్ని లేచింది. డోరీన్ ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"చవగ్గా వస్తామని మమ్మల్ని బేరమాడింది ఎవరయ్యా? నీ పక్కన పనిచేసే నర్సు వెళ్లిపోతే ఆ చోటు నింపనిది మేమా? అందులోకి ఈ పిల్లను తోసింది మేమా? మమ్మల్ని తిట్టుకో, పర్లేదు. తిట్టాక రేపు మళ్లీ ఇద్దరి పని ఒక్కడివే చేసి చావు."

గారెత్ టీ కప్పు బల్ల మీదే వదిలి వార్డుకు వెళ్లాడు.

"పని మానేద్దాం," అన్నారు శిక్షణార్థుల్లో ఎవరో.

"రోగుల్ని వదిలేసి ఎక్కడికే? నీళ్లడిగితే ఇద్దాం, పడిపోతుంటే పట్టుకుందాం. పట్టీ మాత్రం విప్పొద్దు. ఏ పని చెప్పినా పక్కన నిలబడి నేర్పమందాం. ఫర్జానాని వెనక్కి తీసుకునేదాకా ఇంతే," అన్నది డోరీన్.

మరునాటి ఉదయం హాల్‌స్టెడ్ చిరునవ్వుతో వచ్చింది. "కెరీ, ఈ పూటకి..."

"నేర్పండి సిస్టర్. పక్కనే నిలబడతా," అన్నది కెరీ. ఆమె పట్టీ మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

ఆ జవాబే ప్రతి మంచం దగ్గరా వినబడింది. శిక్షణార్థులతో కప్పిపెట్టిన నర్సుల కొరత బయటపడింది. కబురందుకున్న మేనేజర్ పెంబర్టన్ రొప్పుతూ వచ్చి, "ఇది తిరుగుబాటు," అన్నాడు.

"మీ నియమమే సార్," అన్నది డోరీన్.

"గారెత్, కిటికీ వైపు మంచాలు కూడా నువ్వే చూడు," అన్నాడు పెంబర్టన్.

గారెత్ చేతి తొడుగులు విప్పి బుట్టలో వేశాడు. "చూడను. నేను చూడగలిగినంతమందే నా రోగులు. మిగతావాళ్లకి నర్సును తెండి, లేకపోతే వేరే వార్డుకి పంపండి. నిన్న ఆ పిల్లను బలిపెట్టారు, ఇవాళ నన్ను పెడతారు."

రోగులను పై వార్డుకు తరలించక తప్పలేదు. కిటికీ వైపు మంచాలు ఖాళీ అయ్యాయి. ఫర్జానా విచారణ వాయిదా పడింది. తనకు జరిగిన ఆ అవమానానికి బదులుగా పెంబర్టన్ డోరీన్‌ను సస్పెండు చేసి, బయటకు నడిపించమని కాపలాదారును పిలిచాడు.

"ఏమనుకోకమ్మా, ఆర్డరు," అన్నాడు అతడు. "వెనక దారిన పోదామా? ఎవరూ చూడరు."

"ముందు దారినే పద నాయనా. కాస్త మెల్లగా నడువు. ప్రతి వార్డుకీ కనబడాలి."

అతడు అడుగు తగ్గించాడు. మొదటి వార్డు తలుపు తెరుచుకున్నది. పసుపు పట్టీ కట్టుకున్న ఒక శిక్షణార్థి గుమ్మంలోకి వచ్చి డోరీన్‌ను చూసింది, లోపలికి తిరిగి, తన సిస్టరుతో గట్టిగా అన్నది: "ఈ పని నాకింకా ఎవరూ నేర్పలేదండి."