ఉచ్చులు పెట్టే మేడమ్

ఇలోయిలో నగరంలో, విదేశాల్లో ఉద్యోగం కోసం ఇంగ్లిషు పరీక్ష రాసే నర్సులకు ఎమెలిన్ మేడమ్ మీద గట్టి గురి. పాఠం చదివి జవాబులు రాసే భాగం ఆమె నేర్పేది. ముందు ప్రశ్నలు చదవండి, వాటిలోని పేర్లూ అంకెలూ పట్టుకుని పాఠంలో వెతకండి అనేది. మీకు తెలిసిందంతా ఇంటి దగ్గర పెట్టి రండి, పాఠంలో ఉన్నదే జవాబు అనేది. ఆమె మాట విన్నవాళ్లు లండన్‌లోనూ డబ్లిన్‌లోనూ డ్యూటీలు చేస్తున్నారు. వెళ్లేముందు తలా ఒక బిస్కోచో రొట్టెముక్కల డబ్బా ఆమె చేతిలో పెట్టి, కళ్లు తుడుచుకుని పోయేవారు. ఆమె మాత్రం బేకరీ పైనున్న కోచింగ్ గదిలోనే ఉండిపోయింది.

ఆమె కూడా నర్సే. అదే పరీక్షలో, అదే భాగంలో, రెండుసార్లు తప్పింది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఈత నేర్పేవాళ్లు మునిగారంటే లోకం నవ్వదూ?

తప్పడానికి కారణం ఆమె పనే. కోచింగ్‌లో ఇచ్చే ప్రశ్నలన్నీ ఆమె తయారుచేసినవే. ఒక సరైన జవాబు పక్కన, అచ్చం సరైనదానిలా కనిపించే తప్పుడు జవాబులు అల్లాలి. ఏళ్ల తరబడి ఉచ్చులు పెట్టిపెట్టి, అసలు పరీక్షలో ఆమెకు ప్రతి జవాబూ ఉచ్చులాగే కనబడేది. మొదట తోచిందే రాసి ముందుకు పొండి అని ఊరందరికీ చెప్పే మనిషి, తాను రాసింది కొట్టేసి, కొట్టేసింది మళ్లీ రాసేది.

ఈ ఏడాదే ఆఖరు అవకాశం. ఆసుపత్రి పని వదిలి ఇన్నేళ్లయినా తీసుకుంటామని డబ్లిన్‌లో ఒక ఆసుపత్రి ఒప్పుకుంది. డిసెంబరులోగా మార్కులు చూపించకపోతే ఇక ఈ జన్మకు నర్సు పని దొరకదు. ఆమెకు ఆ పనంటే ప్రాణం.

ఆగస్టులో పరీక్ష జరిగే సెబూ నగరానికి గుట్టుగా వెళ్లి కూర్చుంది. ముందు వరసలో అమ్మాయి వెనక్కి తిరిగి నవ్వింది. తన శిష్యురాలు జోవెల్. ఎమెలిన్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ తర్వాత ఒక్క వాక్యమూ బుర్రకెక్కలేదు. జోవెల్ పాసయింది, మేడమ్ తప్పింది.

బిస్కోచో డబ్బాతో వచ్చిన జోవెల్ ఆమెను పక్కకు పిలిచింది.

"కంగారుపడకండి మేడమ్. మాకు ధైర్యం చెప్పడానికే అక్కడికొచ్చారని అందరికీ చెప్పాను."

పిచ్చిపిల్ల మేలు చేశాననుకుంది. ఆ మాట కోచింగ్ నడిపే ఫే మేడమ్ చెవిన పడింది. ఆవిడ ఉబ్బితబ్బిబ్బయి, ఇకమీదట ప్రతి బ్యాచ్ వెంటా ఎమెలిన్ వెళ్తుందని క్లాసులోనే ప్రకటించింది.

"నువ్వు గుమ్మం దగ్గర నిలబడితే చాలమ్మా, పిల్లలు సగం పాసైనట్టే," అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. నవంబరులో ఆ బ్యాచ్ రాసే రోజే, అదే హాలులో ఎమెలిన్‌కూ సీటుంది. వేరే తేదీకి మార్చుకుందామంటే ఎక్కడా ఖాళీ లేదు. నిజం చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే బతుకు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్పేద్దామని రోజూ క్లాసుకు వచ్చేది. "మీరుంటే మాకు భయం లేదు మేడమ్" అని ఎవరో ఒకరు అనేవారు. ఆమె పాఠం మొదలుపెట్టేసేది.

నవంబరు వచ్చింది. పిల్లలు సంచులూ ఫోన్లూ జపమాలలూ ఆమెకు అప్పగించి లోపలికెళ్లారు. చేతులు చల్లబడ్డ ఒక పిల్లకు అరచేతులు రుద్ది మరీ పంపింది. కాసేపటికి హాలు ఉద్యోగి జాబితాతో బయటికొచ్చాడు.

"ఎమెలిన్ పలొమార్ వచ్చారా? తలుపు వేసేస్తున్నాం."

లోపలికెళ్లడానికి చూపించాల్సిన పాస్‌పోర్టు ఆమె చేతిసంచిలోనే ఉంది. కిటికీ అద్దంలోంచి పిల్లలు కనబడుతున్నారు. తాను ఇప్పుడు లోపల అడుగుపెడితే వాళ్లకేమవుతుందో ఆమెకు బాగా తెలుసు. ఆగస్టులో జోవెల్‌ను చూసి తనకైందదే. ఒకమ్మాయి అద్దం వైపు తిరిగి చెయ్యి ఊపింది. ఎమెలిన్ కూడా ఊపింది.

"ఆవిడ ఇవాళ రారండీ," అంది.

అతను పేరు కొట్టేసి తలుపు మూశాడు.