ఇంటికి వెళ్లిన మెషిన్

మా అత్తయ్యని బాత్రూంలో బంధించింది మా కంపెనీ బట్టలుతికే మెషినే. ఇంకా అమ్మకానికి రాని కొత్త మోడల్, పరీక్ష కోసం ఇంటికి తెచ్చుకున్నాను. నీళ్లు పిండే వేగం అందుకోగానే అది రెండడుగులు నడిచి, లోపలికి తెరుచుకునే తలుపుకి అడ్డంగా నిలబడింది. నేను బయటి నుంచి తలుపు తోస్తూ చెమటలు కక్కుతుంటే, అత్తయ్య బకెట్ బోర్లించుకుని కూర్చుని నలభై నిమిషాలు మా కంపెనీని కడిగేసింది.

"ఒక్క దుప్పటే వేస్తే నడుస్తోందమ్మాయ్. నిండా వేస్తే కదలదు," అంది బయటపడగానే.

నాలుగేళ్లుగా మా పని ఇలాగే సాగింది. ఇంజినీర్లందరం ఇంటి నుంచే పనిచేసేవాళ్లం, తలా ఒక పరీక్ష మెషిన్‌తో. ఉతకడం అయిపోయిందని మోగే గంటకి ఒకావిడ పసిబిడ్డ ఉలిక్కిపడి ఏడిస్తే, గంట ఆపే మీట పుట్టింది. ఇంకొకాయన నల్ల సాక్సు అడుగున దాక్కుని ఆయన తెల్లచొక్కాల పని పట్టాక, లోపల దీపం పెట్టాం. అమ్మకాలు పెరిగింది ఈ రెండింటి పుణ్యమానే.

అప్పుడొచ్చాడు కొత్త డైరెక్టరు. వారానికి ఐదు రోజులూ అందరూ ఆఫీసుకి రావాలన్నాడు. మనుషులతో పాటు మెషిన్లూ రావాలన్నాడు. నియమాలన్నీ లావుపాటి పుస్తకంగా అచ్చువేయించి తలా ఒకటి పంచాడు. మేమాయనకి హాజరుపట్టీ అని పేరు పెట్టుకున్నాం. కాఫీ దగ్గర మనుషులు ఒకరికొకరు తారసపడితే కొత్త ఆలోచనలు పుడతాయని ఆయన నమ్మకం. మూడు నెలలుగా తారసపడుతూనే ఉన్నాం. ఇప్పటికి పుట్టింది కారు పెట్టుకునే చోటు మీద ఒక తగాదా, నా కప్పు ఎవరు కొట్టేశారన్న విచారణ. ఆలోచనల గది అని అద్దాల గది కూడా కట్టించాడు. అందులో తెల్లబోర్డు ఇంకా తెల్లగానే ఉంది.

ఆ సోమవారం కొత్త మోడల్ విడుదల కాగితం నా బల్ల మీదికొచ్చింది. నేను సంతకం పెట్టనన్నాను.

హాజరుపట్టీ ఒంటికాలి మీద లేచాడు. "ల్యాబులో నాలుగొందల సార్లు తిప్పాం. అంగుళం కదల్లేదు."

"ల్యాబులో నేల చదును సార్. పైగా ఎప్పుడూ నిండా బట్టలే వేస్తాం. బాత్రూం నేల నీళ్లు పోవడానికి వాలుగా ఉంటుంది."

"నడుస్తుందని సాక్ష్యం?"

"మా అత్తయ్య."

"అయితే పిలిపించండి," అని నవ్వాడు. "శుక్రవారానికి సాక్ష్యమైనా ఉండాలి, సంతకమైనా ఉండాలి. రెండూ లేకపోతే సోమవారం నుంచి మీరుండరు."

భయపడలేదంటే అబద్ధం. ఈ ఉద్యోగమంటే నాకు ప్రాణం. కానీ మా అత్తయ్యకి తలుపవతల నేనున్నాను. నా సంతకం పడ్డాక ఏ ఇంట్లోనో ఏ పెద్దావిడో ఇరుక్కుంటే, ఆవిడ మనుషులంతా ఆఫీసుల్లో ఉంటారు. అది తలుచుకుంటే పెన్ను ముట్టుకోబుద్ధి కాలేదు.

శుక్రవారం అత్తయ్య చంకలో దుప్పటితో దిగింది. అందరూ చూడాలని హాజరుపట్టీ మెషిన్‌ని ఆలోచనల గదిలో పెట్టించి, నీళ్ల గొట్టం అక్కడికి లాగించాడు. అత్తయ్య నేలని కాలితో రాసి చూసింది.

"ఇలాంటి నేల ఎవరి బాత్రూంలో ఉంది నాయనా? వెనక కాళ్ల కింద ఎత్తుకి ఏమైనా ఇవ్వండి."

నా బల్ల మీద నియమాల పుస్తకాలు రెండున్నాయి. ఒకటి నాది, ఒకటి ఉద్యోగం మానేసి వెళ్లినాయనది. కొలత సరిగ్గా సరిపోయింది. అత్తయ్య దుప్పటి వేసి మీట నొక్కింది.

"పద అమ్మాయ్, మనం బయట నిలబడదాం," అంది. "మీరూ రండి నాయనా."

"నేనిక్కడే ఉంటానమ్మా. ఏమీ కాదు," అన్నాడాయన, చేతులు కట్టుకుని.

పిండే వేగం రాగానే మెషిన్ ఒళ్లు విరుచుకుంది. పుస్తకాల మీద నుంచి ధబ్బున దిగింది. ఇక పట్టపగ్గాల్లేవు. ఊగుతూ వెళ్లి, లోపలికి తెరుచుకునే అద్దాల తలుపుకి ఆనుకుని, బోర్డు స్టాండుకీ తలుపుకీ మధ్య ఇరుక్కుంది. హాజరుపట్టీ ప్లగ్గు పీకాడు. తోశాడు. గొట్టం ఊడి నేలంతా నీళ్లయితే బూట్లు జారాయి. మళ్లీ తోశాడు. ఆఫీసు మొత్తం అద్దం ముందు చేరింది. మూడు నెలల్లో మేమంతా ఒకచోట తారసపడి సంతోషించింది అప్పుడే.

అత్తయ్య అద్దం మీద వేలితో తట్టింది. "బకెట్ ఉంటే బోర్లించుకుని కూర్చో నాయనా. నేనూ అలాగే కూర్చున్నాను."

తలుపు బందులు విప్పేసరికి యాభై నిమిషాలు పట్టింది. ఆయన తడి సాక్సులతో నా బల్ల దాకా వచ్చి, విడుదల కాగితం తీసుకుని వెళ్లిపోయాడు.

సోమవారం కొత్త నోటీసు అంటించారు. లోపం సరిచేసే దాకా పరీక్ష మెషిన్లన్నీ ఉద్యోగుల ఇళ్లకే వెళ్లాలి. ఉద్యోగులు మాత్రం యథాప్రకారం ఆఫీసుకి రావాలి.

నా మెషిన్‌ని వ్యాన్ ఎక్కించి మా ఇంటికి పంపించారు. నేను దానికేసి కుళ్లుకుంటూ చూసి, కార్డు గీకి లోపలికెళ్లాను. పదకొండింటికి అత్తయ్య ఫోన్ చేసింది.

"మళ్లీ నడుస్తోందమ్మాయ్. దుప్పటంతా ఒక పక్కకే ముద్దవుతోంది. పిండే ముందు ఓసారి అటూ ఇటూ తిప్పి విడదీస్తే ఆగుతుందేమో, రాసుకో."

ఆలోచనల గదికి వెళ్లి, తెల్లబోర్డు మీద రాశాను.

అదే ఆ బోర్డు మీద మొదటి ఆలోచన. అది చెప్పినావిడ ఆ పూట మా ఇంట్లో, బాత్రూం తలుపు బయట, కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.