నాలుగో బోరు తాళం

నడికుడిలో స్టేషన్ రోడ్డు పక్కన మూతబడ్డ పెట్రోలు బంకు ఒకటుంది. భూమిలో పాతిన డీజిల్ ట్యాంకు తుప్పుపట్టి ఎన్నేళ్లు కారిందో ఏమో, కింద మట్టంతా నానిపోయింది. ఆ మట్టిని తవ్వించి లారీలకెత్తించడం, చుట్టూ వేసిన నాలుగు పరీక్ష బోర్లలో నెలనెలా నీళ్లు తీసి ల్యాబుకు పంపడం భవిత ఉద్యోగం. నరసరావుపేట పిల్ల. అర్థం కానిది ఒక్కటి కనబడిందా, ఇక అన్నం సయించదు.

ఇప్పుడు సరిగ్గా అలాంటిదే వచ్చిపడింది. అక్కడ నేల తూర్పుకు, వాగు వైపుకు వాలుగా ఉంటుంది. భూమిలో నీళ్లూ అటే పారతాయి, కారిన డీజిలూ అటే పోయింది. పడమట ఎత్తు మీదున్న నాలుగో బోరులో నిరుటి నుంచి చిన్న వాసన కూడా లేదు. అలాంటిది పోయిన రెండు నెలలుగా అందులోనూ డీజిల్ తేలుతోంది. డీజిలేమన్నా కాళ్లొచ్చి ఎత్తెక్కుతుందా?

ఆ బోరును ఆనుకునే పెదకోటయ్య మిరప నారుమడి. నారంతా ఆయన సొంత బోరు నీళ్ల మీద బతుకుతోంది. ఈసారి కూడా నాలుగో దాంట్లో డీజిల్ కనబడితే పెదకోటయ్య బోరుకు సీలు వేస్తామని ఆఫీసు వాళ్లు తేల్చి చెప్పారు. వానల్లేని శ్రావణం. నీళ్లు ఆగితే నారు నిలువునా మాడిపోతుంది.

పెదకోటయ్య మంచివాడు. కాకపోతే ఏదీ ఊరికే పోనివ్వడు. తవ్విన మట్టి చూసి, ఇంటి ముందు మెరకకు రెండు ట్రాక్టర్లు తోలుకుంటానని ఊరంతా అడిగినట్టే ఆయనా అడిగాడు. అది విషం బాబాయ్, వానకు కరిగి మళ్లీ నీళ్లలోనే కలుస్తుంది, దూరంగా శుద్ధిచేసే చోటికే పోవాలి అని భవిత చెబితే మారుమాట్లాడకుండా విన్నాడు. అలాంటి మనిషి నోట్లో మట్టి కొట్టే కాగితం మీద తను సంతకం పెట్టాలా అని ఆమెకు దిగులు పట్టుకుంది.

ఆ సాయంత్రం లారీకి పట్టా కప్పుతుంటే మట్టిగడ్డ ఒకటి కిందపడింది. భవిత తీసి వాసన చూసింది. మెకానిక్ షెడ్డులో మూలన పడేసిన గుడ్డ వాసన, మాగిపోయిన వాసన. వ్యానులో దాచిన నాలుగో బోరు సీసా మూత తీసింది. గుప్పుమంది. అప్పుడే బంకులో పోయించుకున్నట్టుంది. అంటే ఇది ట్యాంకులోంచి కారిన పాత డీజిల్ కాదు. ఎవరో కొత్తగా పోస్తున్నారు. పెదకోటయ్యంటే గిట్టనివాళ్లెవరో అనుకునేసరికి ఆమెకు ఒళ్లు మండింది.

నీళ్లు తీసే రోజు చెప్పిన వేళకంటే ముందే వచ్చి లారీ చాటున నిలబడింది. కాసేపటికి ఒక మనిషి సీసా పట్టుకుని వచ్చి నాలుగో బోరు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఎవరో కాదు, పెదకోటయ్యే. బోరు మూతకు వేసిన తాళం మీద సీసా వంపి, కాస్త ఆగి, మళ్లీ వంపాడు. తాళం కొండీ దూరడానికి మూతకు పెట్టిన కంతలోంచి అదంతా నేరుగా గొట్టంలోకి దిగింది.

"ఏం చేస్తున్నావు బాబాయ్?"

ఆయన తడబడకుండా నవ్వాడు. "తాళం బిగుసుకుపోయి నువ్వు చానా తంటాలు పడుతుంటివి గదమ్మా. అందుకే రెండు నెలల్నుంచి నువ్వు రాకముందే కాస్త డీజిల్ పోసి పెడుతున్నా."

పల్నాటిలో బిగుసుకున్న నట్టుకైనా, తాళానికైనా మొదటి మందు డీజిలే. భవితకు నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. రెండు నెలలుగా తాళం వెన్నలా తెరుచుకుంటుంటే హమ్మయ్య అనుకుంది. అన్నింటికీ ఎందుకని బుర్ర బద్దలు కొట్టుకునేది, దాన్ని మాత్రం ఎందుకని అడగలేదు. తన మీద తనకే కోపమొచ్చింది. పక్కన కూర్చుని జరిగిందంతా ఆయనకు చెప్పింది.

పెదకోటయ్య చేతిలో సీసా చూసుకున్నాడు. "అయితే నా నారుకు నేనే ఎసరు పెట్టుకున్నానా అమ్మా?"

భవిత ఆఫీసుకు ఫోను చేసి, తన పొరపాటుతో సహా అన్నీ చెప్పింది. గొట్టం కడిగించి, పాత నీళ్లన్నీ తోడించి డ్రమ్ముల్లో పట్టించింది. గొట్టంలోకి కంత లేని మూత, కొత్త తాళం వేయించి, ఆఫీసు వాళ్ల ఎదుటే మళ్లీ నీళ్లు పట్టింది. ఈసారి ల్యాబులో డీజిల్ జాడే కనబడలేదు. పెదకోటయ్య బోరుకు సీలు పడలేదు.

మరుసటి నెల నాలుగు వానలు పడేసరికి కొత్త తాళమూ మొరాయించింది. భవిత అవస్థ చూసి పెదకోటయ్య అలవాటుగా లేచి వచ్చి గట్టు మీదే ఆగిపోయాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"రాకపోతే రాయి పెట్టి పగలగొట్టమ్మా. నేను మాత్రం ముట్టను."

అరచేయి కందినా భవిత తాళంచెవి తిప్పుతూనే ఉంది. ఆయన కదల్లేదు.