గిన్నె నడుమ మిగిలిన మాట

ఆ ఇంట్లో ఆదివారం వండిందే వారమంతా తినేవాళ్ళు. భార్య పిల్లల ఆసుపత్రి వంటగదిలో పనిచేసేది, భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఇద్దరి ఉద్యోగాలకీ వేళాపాళా లేదు. అందుకని ఆవిడ ఆదివారం పొద్దున్నే అన్నం, కూర, సూపు చేసి, చల్లారాక మూతలున్న గాజు గిన్నెల్లో పలచగా సర్ది ఫ్రీజర్లో పెట్టేది. గిన్నె నిండా కుక్కితే నడుమ గడ్డ ఓ పట్టాన కరగదని ఆవిడ పదేపదే చెప్పేది. తీసేటప్పుడు మూత కొంచెం వదులు చేసి, మైక్రోవేవ్‌లో తక్కువ వేడి మీద కరిగించి, సగంలో ఫోర్కుతో విడదీసి కలిపి, ఆ తర్వాత నడిమధ్యలోంచి పొగలొచ్చేదాకా వేడిచేసి, తలుపు తీయకుండా కాసేపు అలా వదిలేసేది.

ఆవిడ గడ్డకట్టించిన తిండిలో, వండేటప్పుడు ఆ గదిలో వినపడ్డవన్నీ కూడా గడ్డకట్టేవి. కరిగించాక బయటికొచ్చేవి. మిషన్ గుర్రుమంటున్నంతసేపూ ఏమీ వినిపించదు. వేడిచేయడం అయిపోయి, గిన్నె ఊరికే కూర్చున్న ఆ కాసేపట్లోనే ఆదివారం తాలూకు మాటలన్నీ వరసగా వచ్చేవి. ఆదివారం వాన పడితే బుధవారం భోజనం దగ్గర వాన చప్పుడు. పై అంతస్తు ఆవిడ మెట్లమీద ఎదురైనప్పుడు, "గిన్నె తీస్తే తీశామని చెప్పకూడదామ్మా, వాననుకుని ఆరేసిన బట్టలన్నీ లోపల పడేసుకున్నాను" అని నిష్ఠూరమాడేది. మొగుడూ పెళ్ళాల మధ్య తగువొస్తే ఆవిడ ముందు పొయ్యి కట్టేసేది, తర్వాతే నోరు తెరిచేది. ఆదివారం తిట్టిన తిట్లు గురువారం అన్నంలో కలుపుకు తినడం ఎవరికి మాత్రం ఇష్టం?

మెకానిక్‌కి మాత్రం ఆ కాసేపు ఆగడమంటే ఒళ్ళుమంట. అతను నిలకడ లేని మనిషి. ఎవరు పిలిచినా "వచ్చేస్తున్నా" అనడం, వచ్చినవాడు వచ్చినట్టే వెళ్ళిపోవడం. మిషన్ ఆగీ ఆగకముందే గిన్నె లాగేవాడు, నాలుక కాల్చుకునేవాడు. ఒకసారి స్టీలు చెంచా లోపలే మరిచిపోయి మిషన్లో నిప్పురవ్వలు పుట్టించాడు. "మీరు మనుషుల్ని పైకీ కిందికీ మోసే మిషన్లు బాగుచేస్తారు, గిన్నెడు కూర వేడిచేసే మిషన్ దగ్గర మాత్రం నిలబడలేరు" అని ఆవిడ నవ్వేది. దీపం కింద చీకటంటే అదే మరి.

అలాంటి ఇంట్లో ఒక సోమవారం ఆవిడ ఆసుపత్రి వంటగదిలో గరిటె పట్టుకుని నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయింది. గుండె ఆగిందన్నారు. మొన్నమొన్నటిదాకా మెట్లు ఎగబాకిన మనిషికి గుండె ఆగడమేమిటో మెకానిక్‌కి అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు.

వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక ఫ్రీజర్ తెరిస్తే గిన్నెలు అక్కడే ఉన్నాయి. తొమ్మిదేళ్ళ కూతురు ఆకలన్న మాట అనకుండా గోడకానుకుని కూర్చుంది. అతను చేతికందిన గిన్నె మూత బిగించినట్టే ఉంచి, మిషన్ని పూర్తి వేడికి తిప్పాడు. కాసేపటికి మూత ఎగిరి మిషన్ పైకప్పుకి కొట్టుకుంది. అంచులు మాడి కుతకుతలాడుతున్నాయి, నడుమ మంచుగడ్డ. ఆవిడ గొంతు కూడా అలాగే వచ్చింది. అంచుల దగ్గర కీచుమని "పాపకి" అంది, ఆ తర్వాత ఏమీ లేదు, చివర్లో మళ్ళీ కీచుమని "సరేనా" అంది. పాపకి ఏమిటో ఎవరికీ తెలియలేదు. ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది. అంత్యక్రియల రోజున కూడా అలా ఏడవలేదు.

మర్నాడు ఆవిడ అక్క వచ్చింది. బట్టలు కుట్టి బతికే మనిషి, మాట సూదిలాగే ఉంటుంది. మరిది చేత గిన్నె పెట్టించి, పక్కన నిలబడి ఒక్కో పనీ చేయించింది. అయ్యాక స్టూలు లాగి కూర్చోబెట్టింది. "ఇప్పుడు ఆగు. ఆగడం కూడా వంటే" అంది. అతను ఆగాడు. ఆ మధ్యాహ్నం ముగ్గురూ కూర్చుని, ఓ ఆదివారం సూపు కలుపుతూ ఆవిడ ఆసుపత్రిలో అన్నం తిననని మొండికేసిన ఓ పిల్లాడి గురించి చెప్పుకొచ్చిన కబుర్లు మొదటి నుంచి చివరిదాకా విన్నారు.

వెళ్ళేముందు వదిన గుమ్మంలో ఆగింది. "ఒక్క సంగతి. ఒకసారి కరిగిందాన్ని మళ్ళీ ఫ్రీజర్లో పెట్టకు. ఎంత ముద్దొచ్చినా సరే. తినేయ్, లేదా పారేయ్." అతను తలూపాడు.

ఆ తర్వాత అతను పొదుపుగా తీశాడు. ఎంత పొదుపు చేసినా గిన్నెలు తగ్గుతూ వచ్చాయి. చివరికి ఒక్కటే మిగిలింది. అది మిగతావాటిలా పలచటి గిన్నె కాదు. చిన్నవి చాలక ఆవిడ ఆఖరి ఆదివారం కోడి మాంసం, బంగాళాదుంపల కూర లోతు గిన్నెలో పెట్టింది. పాప బడికెళ్ళిన ఒక మధ్యాహ్నం అతను దాన్ని ఒక్కడే తీశాడు. కొంచెం కరిగించి చూద్దామనుకున్నాడు.

పైపైన కరగ్గానే మిషన్ ఆపాడు. గొంతు వచ్చింది.

"ఏమండీ, ఒక్క నిమిషం కూర్చోండి. మీకో మాట చెప్పాలి."

వెనకాలే అతని గొంతే వచ్చింది. "వచ్చాక చెబుదువుగాని. ఎవరో ఇరుక్కున్నారట." తలుపు పడిన చప్పుడు. అంతే. అక్కణ్ణించి మంచుగడ్డ.

అతను స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చుని, ఇంక వినేందుకేమీ లేకపోయినా, చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత గిన్నె మూతపెట్టి మళ్ళీ ఫ్రీజర్లో తోశాడు. వదిన మాట గుర్తులేక కాదు. మొత్తం కరిగిస్తే ఆ పిలుపు ఒక్కసారే వస్తుంది, ఆ తర్వాత ఈ ఇంట్లో అతన్ని "ఏమండీ" అనేవాళ్ళు ఉండరు. తినడానికి కాదు కదా, వినడానికే కదా అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. బఠాణీల సంచీ కింద దాచాడు. కూతురితో గిన్నెలన్నీ అయిపోయాయని చెప్పాడు.

మర్నాడూ తీశాడు. ఆ తర్వాతా తీశాడు. మధ్యాహ్నమైతే చాలు పని వదిలేసి ఇంటికొచ్చేవాడు. ఆవిడ కూర్చోమనేది, అతను కూర్చునేవాడు. అందులోని తన గొంతు మాత్రం ప్రతిసారీ వెళ్ళిపోయేది. తీసిపెట్టిన కొద్దీ ఆవిడ గొంతు అరిగిపోతూ వచ్చింది. "ఒక్క నిమిషం" పోయింది, "కూర్చోండి" బొంగురుపోయింది. కూర మీద మంచు ముళ్ళలా లేచింది, రంగు మారింది. పాపకి బడి నుంచి పెద్దమ్మ ఇంటికి వెళ్ళడం అలవాటైంది, చీకటి పడ్డాక నాన్న బేకరీ నుంచి తెచ్చే రొట్టె తినడమూ అలవాటైంది.

ఈ గొడవలో అతను తమ భవనం లిఫ్టునే పట్టించుకోలేదు. దాని తలుపు లాకు వదులైందని, లోపలి గంట మోగడం లేదని అందరూ చెబుతూనే ఉన్నారు. రేపు చూస్తానంటూ వచ్చాడు.

ఆ రోజు బడిలో నీళ్ళు రాలేదని పిల్లల్ని పెందలాడే వదిలేశారు. పాప దారిలో పడి మోకాలు చెక్కుకుపోయింది. పెద్దమ్మ ఇంటికంటే సొంతిల్లే దగ్గర కనక, సంచీలోని తాళంచెవితో తలుపు తీసుకుని, మోకాలికి మంచు పెట్టుకుందామని ఫ్రీజర్ తెరిచి బఠాణీల సంచీ లాగింది.

మెకానిక్ తన మధ్యాహ్నపు వేళకి తాను వచ్చి లిఫ్టెక్కాడు. ఇంకా మూడు మూరలు పైకెళ్తే తమ అంతస్తనగా లిఫ్టు కుదుపుతో ఆగింది. అతను నవ్వుకున్నాడు కూడా. లోపలున్నవాడు బయటి తాళం తీయలేడని, లిఫ్టులో ఫోను పలకదని అందరికీ చెప్పేది అతనే. ఎవరో ఒకరు వస్తారులే అని గోడకానుకున్నాడు.

అప్పుడు గోడ అవతల మైక్రోవేవ్ గుర్రుమంది.

వాళ్ళ వంటగది గోడే లిఫ్టు గోడ. లిఫ్టు చప్పుడుకి పాలు కూడా పొంగడం మరిచిపోతాయని భార్య విసుక్కునేది. ఇంట్లో ఎవరున్నారు? గుర్రు ఆగింది. ఫోర్కు గాజుకి తగిలిన చప్పుడు. సగంలో కలపడం. అలా కలిపేది ఇప్పుడు ఆ ఇంట్లో ఒక్క పిల్లే. ఇంట్లో కలపడానికున్న గిన్నె ఒక్కటే.

అన్నిసార్లు కరిగి, అన్నిసార్లు గడ్డకట్టి, ఎండ మధ్యాహ్నాలు వంటగట్టు మీద కూర్చున్న మాంసం. "తినకమ్మా, అది తినకు" అని అరిచాడు. గోడని గుద్దాడు. మిషన్ మళ్ళీ మొదలైంది, ఈసారి పూర్తి వేడి మీద, ఆ హోరులో అతని కేకలు కలిసిపోయాయి. పనికిరాని గంట నొక్కీ నొక్కీ వేలు కందిపోయింది. ఎంతమందినో ఇలాంటి పెట్టెల్లోంచి బయటికి లాగినవాడు తలుపు గోళ్ళతో గీరుకుంటూ నిలబడ్డాడు. అరిచి అరిచి గొంతు పోయింది.

మిషన్ గంట కొట్టి ఆగింది.

పాప గిన్నె లాగెయ్యలేదు. తల్లి నేర్పినట్టే తలుపు మూసే ఉంచి, చెంచా పట్టుకుని ఎదురుచూసింది. ఆ కాసేపట్లో, ఇన్నాళ్ళూ వేడి తగలని గిన్నె నడిమధ్య నుంచి ఆవిడ గొంతు వచ్చింది. అది అరిగింది కాదు. పక్కగదిలోంచి పిలిచినంత నిండుగా ఉంది. గోడ ఇవతల అతనికీ ప్రతి మాటా వినిపించింది.

"వెళ్ళిపోయాడా మీ నాన్న? ఈ గిన్నెల సంగతి చెబుదామనుకున్నా, ఒక్క నిమిషం కూర్చోడు కదా. పోనీ, నువ్వు కూర్చో. నేను లేనప్పుడు గిన్నె తీస్తే ముందు పైన చూడు. మంచు ముళ్ళలా లేచిందంటే ఎవరో తీసి, కరిగించి, మళ్ళీ పెట్టారన్నమాట. అది నోట్లో పెట్టకు. వేడిచేస్తే కంటికి కనపడని పురుగు చస్తుంది గానీ అది వదిలిన విషం చావదు. పారేయ్. నేను వండిందైనా సరే పారేయ్. సరేనా?"

ఆ ఆదివారం నాటి పాప గొంతు "సరే" అంది.

గోడ అవతల చెంచా బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

మెకానిక్ లిఫ్టు నేలమీద కూలబడ్డాడు. ఆవిడ చెప్పాలనుకున్నది ఇదేనా అనుకున్నాడు. ఇంత చిన్న మాట. కూర్చుని ఉంటే అయిపోయేది. అతను మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. పాప చెత్తబుట్ట కోసం బయటికి వచ్చి ఆ ఏడుపు విని, లిఫ్టు తలుపు సందులోంచి చూసి, కిందికి పరిగెత్తి వాచ్‌మన్‌ని తాళంచెవితో పంపించింది.

అతను బయటికొచ్చేసరికి ఆ పిల్ల గిన్నె పక్కన పెట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉంది. కూరలోంచి ఇంకా పొగలొస్తున్నాయి.

"అమ్మ పారేయమంది నాన్నా. దీన్ని ఎవరో చాలాసార్లు తీసి పెట్టారట."

"నేనే" అన్నాడు.

పాప గిన్నెలోకి చూసింది. "అయిపోయాయని చెప్పావు. నాకు కూడా వినాలనుండేది" అంది. కోపంగా కాదు. కోపంగా అన్నా బావుండేదనిపించింది అతనికి.

అతను పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఎక్కడికీ వెళ్ళలేదు. మొదటిసారి విన్నప్పుడు గిన్నెలో ఏముందో, తనని ఎలా పిలిచిందో, తను ఏం జవాబిచ్చాడో అన్నీ చెప్పాడు. ఎలా పిలిచిందో అలాగే పిలిచి చూపించమని పాప అడిగితే ప్రయత్నించాడు, కుదరలేదు. తర్వాత ఇద్దరూ కలిసి కూర చెత్తలో వేశారు. గిన్నె అతనే కడిగాడు, చేతులు కడుక్కున్నాడు. గిన్నెల్లేని ఫ్రీజర్ తలుపు ఇద్దరూ కలిసే వేశారు. ఆవిడ గొంతు ఆ ఇంట్లో ఇంక ఎక్కడా లేదు.

ఆదివారం వదిన కూరగాయలు పంపింది. అతను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పొయ్యి ముందు నిలబడ్డాడు. ముక్కలు లావుగా తరిగాడు, ఉల్లిపాయ కొంచెం మాడ్చాడు. పలచటి గిన్నెలు వరసగా పెట్టి, పాప స్టూలెక్కి చూస్తోంది.

"ఏదన్నా మాట్లాడు నాన్నా. లోపలికి పోవాలి కదా."

ఇన్నేళ్ళూ ఆ వంటగదిలో అతను అన్నది ఒక్కటే మాట, వచ్చేస్తున్నా అని. నోరు తెరిచాడు. ఏడుపొచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేక, గరిటె పట్టుకునే ఏడ్చాడు. ఎలాగో గొంతు సవరించుకుని, "ఉప్పు చూడమ్మా, సరిపోయిందా" అన్నాడు.

పాప రుచి చూసి తలూపింది.

"ఏడుపు కూడా పడిపోయిందే అందులో" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"పర్లేదు నాన్నా, సగంలో కలుపుతాం కదా, గడ్డలా ఉండిపోదు" అంది పాప.